మాలీ అని రాయి బేటా

దూబ్ అంటే ఏమిటో మన ఇళ్లలో అమ్మీలకూ నానీలకూ చెప్పక్కర్లేదు. తెలుగులో గరిక. రైలు పట్టాల పక్కన, పొలం గట్ల మీద, కబ్రస్తాన్‌లో, కాస్త తేమ దొరికితే చాలు పాకే గడ్డి. వినాయక చవితికి మన పక్కింటివాళ్లు పత్రితోపాటు కోసుకెళ్లేది అదే. బకర్ ఈద్‌కు తెచ్చిన మేక ముందు మన పిల్లలు వేసేదీ అదే. గోల్ఫ్ ఆడేవాళ్లు దీన్నే బెర్ముడా గ్రాస్ అంటారు. పేరు వినగానే ఏదో సముద్రాల అవతలి చీజ్ అనుకుంటాం. కాదు, మన దూబే. ఈ దూబ్‌ను ఆఫ్రికాలోని దాని చుట్టం గడ్డితో కలిపి, సన్నటి ఆకు వచ్చేలా అమెరికాలోని టిఫ్టన్ అనే ఊళ్లో రకాలు తీశారు. గోల్ఫ్ మైదానాల్లో గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చికకు ఆ రకాలే వాడతారు.

మా మామూజాన్ ముప్పై ఏళ్లకు పైగా ఈ దూబ్‌కే నౌకరీ చేశారు. ఒక గోల్ఫ్ మైదానంలో మాలీ. మైదానం పేరు ఇక్కడ జరూరత్ లేదు. ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా బంతిని కొట్టలేదు. "ఆట ఎలా ఉంటుంది మామూ?" అని చిన్నప్పుడు అడిగితే, "వాళ్లు కొడతారు, నేను పూడుస్తాను" అనేవారు. అదేదో మజాక్ అనుకునేవాళ్లం. మజాక్ కాదు, నూటికి నూరుపాళ్లు నిజం. పైనుంచి వచ్చి పడ్డ బంతి గడ్డిలో చిన్న గుంట చేస్తుంది. దాన్ని అదే రోజు చిన్న ముల్లు పలుగుతో పక్కలనుంచి లోపలికి నొక్కి, పైన పాదంతో సమం చేయాలి. అలా వదిలేస్తే అక్కడి గడ్డి చచ్చి, మచ్చ మానడానికి వారాలు పడుతుంది. కింద మట్టిని పైకి లేపకూడదు. లేపితే వేళ్లు తెగుతాయి. ఈ ఒక్క సంగతి కొత్తగా వచ్చిన పిల్లలకు నేర్పడానికే ఆయనకు నెల పట్టేదట.

ఆయన ఇంట్లోంచి బయల్దేరేది ఫజర్‌కు ముందే. నమాజ్ అక్కడే, పంపు షెడ్డు వెనక, జానమాజ్ పరుచుకుని. సలామ్ తిప్పగానే మొదటి పని పొడవాటి వెదురు కర్ర పట్టుకుని పచ్చిక మీద అటూ ఇటూ ఊపుతూ మంచు దులపడం. చూసేవాళ్లకు ఏదో దిష్టి తీస్తున్నట్టుంటుంది. సబబు ఏమిటంటే, ఆకుల మీద తేమ ఎక్కువసేపు నిలిస్తే బూజు తెగులు పడుతుంది. రూపాయి బిళ్లంత మచ్చలతో మొదలై, ఒకదానికొకటి అంటుకుని చాపంత అవుతాయి. ఆ తర్వాత కోత. గుంత చుట్టూ పచ్చిక ఎత్తు మూడు నాలుగు మిల్లీమీటర్లు. రెండు రూపాయి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి, దాదాపు అంతే. ఈ ఎత్తులో గడ్డి ఎప్పుడూ ప్రాణం గుప్పిట్లో పెట్టుకునే బతుకుతుంది. ఒక్కరోజు మిషన్ బ్లేడు మొద్దుబారినా ఆకు తెగదు, చిరుగుతుంది. మధ్యాహ్నానికి పచ్చిక మొత్తం తెల్లగా పాలిపోతుంది. నిన్న తూర్పు నుంచి కోస్తే ఇవాళ ఉత్తరం నుంచి కోయాలి. ఒకే వైపు కోస్తే గడ్డి అటే వాలిపోతుంది.

గుంతను కూడా తరచూ మారుస్తారు. దాని వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, దునియాలో ఎక్కడైనా ఇదే కొలత. రోజంతా జనం తొక్కిన చోటుకు ఆరామ్ ఇవ్వడానికి పాత గుంతను పూడ్చి, ఇంకోచోట కొత్తది తీస్తారు. కొత్త గుంతలోంచి వచ్చిన మట్టి కడ్డీని పచ్చికతో సహా పాత గుంతలో కూర్చోబెడతారు. వెంట్రుకంత ఎత్తు తేడా వచ్చినా మర్నాడు మిషన్ దాని నెత్తి గొరిగేస్తుంది. మామూ పూడ్చిన గుంత ఎక్కడుందో వెతికి పట్టుకోవడం సూపర్‌వైజర్ వల్ల కూడా అయ్యేది కాదట. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన మొహంలో కాస్త గురూర్ కనిపిస్తుంది.

*

మామూజాన్ రెండు క్యాలెండర్లతో బతికారు. ఇబాదత్‌కు చాంద్ లెక్క. గడ్డికి కార్తె లెక్క. ఇంట్లో గోడమీద ఉర్దూ జంత్రీ, ఆయన నోటిలో రోహిణి, మృగశిర, ఆరుద్ర, స్వాతి. మన దక్కనీలో మృగశిరను మిర్గ్ అంటాం కదా. ఆయన ఏడాది మొదలయ్యేది మొహర్రంతో కాదు, జనవరితోనూ కాదు, మిర్గ్‌తో.

మిర్గ్ పడ్డాక దూబ్‌కు పిచ్చి బలం వస్తుంది. వేడి ఉంటుంది, తేమా ఉంటుంది, ఆ గడ్డికి కావలసింది అదే. గడ్డితోపాటు దుష్మన్లూ లేస్తారు. తుంగ మొలుస్తుంది. పైన పీకితే కింద గడ్డ మిగిలి మళ్లీ వస్తుంది. తొలి వానలకు పెంకు పురుగులు బయటికొచ్చి గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు కిందనుంచి వేళ్లు కొరుకుతాయి. వానపాములు చిన్నచిన్న మట్టి కుప్పలు పోస్తాయి. వాటిని ఆరాక చీపురుతో చెదరగొట్టాలి, తడిగా ఉన్నప్పుడు తొక్కితే మట్టి ముద్దగా అంటుకుంటుంది. నాలుగు రోజులు ముసురు పట్టి సూరజ్ కనబడకపోతే కోత ఎత్తు కాస్త పెంచాలి. ఎండే దాని దస్తర్‌ఖాన్, దస్తర్‌ఖాన్ ఎత్తేసి పని చేయమంటే ఎలా అనేవారు మామూ.

చిత్త, స్వాతి దాటి చలి మొదలైతే దూబ్ నిద్రకు పోతుంది. ఉత్తరాదిలో అయితే పూర్తిగా గోధుమరంగుకు తిరుగుతుంది. అక్కడ పైనుంచి చలికాలపు గడ్డి విత్తనం చల్లి పచ్చగా ఉంచుతారు. మన దగ్గర అంత చలి లేదు, పెరుగుదల మందగిస్తుంది అంతే. ఆడేవాళ్లకు ఇదే బహార్ మోసమ్, గడ్డికి మాత్రం కమ్‌జోర్ కాలం. తగిలిన దెబ్బ త్వరగా మానదు. మంచు ఎక్కువ, తెగులు ఎక్కువ, మనుషుల తాకిడీ ఎక్కువ.

ఆ తర్వాత ఎండలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. పల్చటి మట్టి ఉన్న చోట, ఎత్తుగా ఉన్న అంచుల్లో గడ్డి నీలంగా, తర్వాత బూడిదరంగుగా మారుతుంది. అడుగు వేస్తే ఆ అడుగు గుర్తు లేవకుండా అలాగే ఉండిపోతుంది. అది గడ్డి దాహంతో పిలిచే పిలుపు. అప్పుడు మొత్తం మైదానానికి నీళ్లు కొట్టరు. మాలీ పైపు పట్టుకుని ఆ మచ్చకే, చల్లదనానికి సరిపడా చిలకరిస్తాడు. అది కూడా మిట్టమధ్యాహ్నం.

చాంద్ క్యాలెండర్ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది, కార్తెలు కదలవు. 2017, 2018, 2019 మూడేళ్లూ రోహిణి కార్తె రంజాన్‌లోనే పడింది. మామూకు అప్పటికే అరవై దగ్గర పడ్డాయి. సెహ్రీ తిని వెళ్లి, జొహర్ దాకా పైపు పట్టుకుని నిలబడేవారు. చేతిలో నీళ్లు, మణికట్టు మీదికి చల్లగా తుంపర, గొంతులో చుక్క లేదు. రోజా విడిచిపెట్టే రుఖ్సత్ గురించి మా అమ్మీ ఎత్తితే ఆయన అన్న మాట నాకు గుర్తుంది. "దూబ్ కూ ప్యాస్ లగే తో మైఁ దేతుఁ. మేరే కూ దేనే వాలా మగ్రిబ్ మే దేతా." దూబ్‌కు దాహమేస్తే నేనిస్తాను, నాకిచ్చేవాడు మగ్రిబ్‌లో ఇస్తాడు. ఆ మూడేళ్లూ ఒక్క రోజా పోలేదు. షిఫ్టు మార్చమని ఆయన అడిగారు, ఠేకేదార్ మార్చలేదు. ఈ రెండో సంగతి కూడా రాసి పెట్టాలి. సబర్ గురించి తారీఫ్ చేసి వదిలేస్తే జుల్మ్ ఎవరికీ కనిపించకుండా పోతుంది.

*

పచ్చిక మరమ్మతు చూస్తే తెలియనివాళ్లకు విధ్వంసంలా ఉంటుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు, దూబ్ బలంగా పెరిగే రోజుల్లో, ఆ నున్నటి పచ్చిక మీద మిషన్ తెచ్చి వేలాది రంధ్రాలు పొడుస్తారు. బోలు మేకులు అవి, వేలు మందాన మట్టి కడ్డీలను బయటికి లాగుతాయి. ఆ కడ్డీలన్నీ ఊడ్చి, పైన ఇసుక పోసి, బ్రష్షుతో రంధ్రాల్లోకి దింపుతారు. రెండు వారాలు ఆ పచ్చిక ఆటలమ్మ వచ్చిన పిల్లాడి మొహంలా ఉంటుంది. మెంబర్లు కోప్పడతారు, బాగున్న గడ్డిని పాడు చేశారంటారు. కానీ జనం తొక్కి తొక్కి కింద మట్టి గట్టిపడితే వేళ్లకు గాలి ఆడదు, నీళ్లు దిగవు. పైన ఎంత ఎరువు వేసినా బేకార్. పైకి సొగసుగా ఉండి లోపల ఊపిరాడని సంసారాలు మన చుట్టూ తక్కువా? మామూకు ఈ పోలికలు నచ్చవు. "గడ్డి గురించి అడుగు, గడ్డి గురించే చెప్తా" అంటారు.

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో టామ్ మోరిస్ అనే ఆయన 1865 నుంచి దాదాపు నలభై ఏళ్లు మైదానం చూసుకున్నాడు. పచ్చిక మీద ఇసుక చల్లడాన్ని పద్ధతిగా నిలబెట్టింది ఆయనే. అక్కడి ఓల్డ్ కోర్స్‌లో ఇప్పటికీ మామూలు ఆదివారాలు ఆట ఉండదు. ఊరి జనం వచ్చి నడుస్తారు, పిల్లలు ఆడుకుంటారు. ఈ సంగతి చెబితే మామూ చాలాసేపు ఆలోచించి, "అక్కడ నేలకు కూడా ఛుట్టీ ఇస్తారన్నమాట" అన్నారు. ఆయనకు జుమా పూట రెండు గంటలు దొరికేది.

కొన్నేళ్లకు పైపై మరమ్మతు సరిపోదు. ఇసుక పోసీ పోసీ పచ్చిక ఎత్తు పెరుగుతుంది, కింద నీళ్లుపోయే గొట్టాలు పూడుకుపోతాయి, అప్పుడు నాటిన చెట్లు పెద్దవై నీడ కమ్ముతాయి. అప్పుడు మొత్తం తవ్వి మళ్లీ కట్టాలి. మామూ అలాంటి పని రెండుసార్లు చూశారు. పైన గడ్డి చెక్కేసి, లోతుగా తవ్వి, అడుగున చేప ముల్లు ఆకారంలో కాలువలు తీసి గొట్టాలు వేస్తారు. పైన నాలుగు అంగుళాల కంకర, ఆపైన అడుగు మందాన ఇసుక కలిపిన మట్టి. ఇసుక మరీ సన్నగా ఉంటే నీళ్లు నిలుస్తాయి, మరీ గరుకైతే నిలవనే నిలవవు. చివరగా దూబ్ కణుపులు చల్లి, అదిమి, తడిపి వదిలేస్తారు. విత్తనం కాదు, కణుపులు. ఒక్కో కణుపు నుంచి వేరు కిందికి, పిలక పక్కకు. మిర్గ్ ముందు సిద్ధం చేసి వానలకు నాటితే రెండు మూడు నెలల్లో పచ్చిక కలుస్తుంది. ఇంజినీర్ కొలతలు వేస్తాడు, మిషన్ తవ్వుతుంది. కణుపులు ఏ రోజు ఎంత తడపాలో మాత్రం మోకాళ్ల మీద కూర్చుని వేలు మట్టిలో గుచ్చి చూసినవాడే చెప్పాలి.

*

ఇప్పుడు అసలు సంగతి. మామూ చిన్న కూతురు రిష్తా చూస్తున్న రోజుల్లో బయోడేటా తయారు చేసే పని నాకు పడింది. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చినందుకు ఖాందాన్‌లో ఇలాంటివన్నీ నాకే వస్తాయి. తండ్రి పేషా అన్న చోట మామూ కొడుకు "గోల్ఫ్ క్లబ్ ఎంప్లాయీ అని పెట్టు భాయ్" అన్నాడు. ముమానీ "ప్రైవేట్ నౌకరీ అని చాలు" అన్నారు. మామూ చాయ్ సాసర్‌లో పోసుకుంటూ, తల ఎత్తకుండా అన్నారు. "మాలీ అని రాయి బేటా. కైకూ ఛుపాతే? చోరీ కరా క్యా మైఁ?"

మాలీ అనే రాశాను. ఆ బయోడేటా చూసిన ఒక ఇంటివాళ్లు మళ్లీ ఫోన్ ఎత్తలేదు. చెల్లి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత అల్‌హందులిల్లాహ్ మంచి రిష్తానే కుదిరింది. అయినా ఆ ఎత్తని ఫోన్ నన్ను వదల్లేదు. మనం తండ్రి తాతల గురించి మాట్లాడితే నవాబులు, జాగీర్లు, హకీములు, షాయర్లు. గోల్కొండ అంటే హీరాలు, తోపులు. ఆ కోటలో బాగులు ఉండేవి కదా, వాటికి నీళ్లు పెట్టిన చేతులు ఎవరివి?

గోల్కొండలోని నయా ఖిలాకు వెళ్లినవాళ్లకు తెలుసు. 1656లో అప్పటికి షాహజాదాగా ఉన్న ఔరంగజేబు ముట్టడి తర్వాత, అబ్దుల్లా కుతుబ్ షా ఈ భాగాన్ని కోటలో కలుపుతూ కొత్త గోడ కట్టించాడు. లోపల ముల్లా ఖయాలీ మస్జిద్, ముస్తఫా ఖాన్ మస్జిద్, హాథియాఁ కా ఝాడ్ అని మనం పిలిచే ఆ మహా వృక్షం. ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్ జాతి, బోదె చుట్టుకొలతే దాదాపు 27 మీటర్లు. ఆ ఆవరణలోనే ఇవాళ గోల్ఫ్ మైదానం ఉంది. అక్కడే ఆర్కియాలజికల్ సర్వే తవ్వకాల్లో కుతుబ్ షాహీల నాటి బాగ్ ఆనవాళ్లు, నీటి కాలువలు, హౌజులు, మట్టి గొట్టాలు బయటపడ్డాయి. కోట లోపల గోల్ఫ్ ఉండాలా, పాత బాగ్ తిరిగి రావాలా అన్నది ఏళ్ల తరబడి నడుస్తున్న బహస్.

నా మట్టుకు నాకు, అది ఊరందరి విరాసత్, ఎవరైనా వెళ్లి ఆ చెట్టు కింద కూర్చోగలిగేలా ఉండాలి. నీళ్ల సవాల్ కూడా ఉంది. వుజూ చేసేటప్పుడు, పారే నది ఒడ్డున ఉన్నా సరే, ఇస్రాఫ్ వద్దని హదీస్ నేర్చుకుని పెరిగినవాళ్లం. బస్తీలో ట్యాంకర్ కోసం బిందెలు వరస కట్టే మే నెలలో ఎక్కడైనా సరే పచ్చిక చూస్తే దిల్ కాస్త గుంజుతుంది. శుద్ధి చేసిన మురుగునీళ్లు వాడే మైదానాలు ఉన్నాయి, అది మేలే. ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువ, మట్టిలో పేరుకుంటుంది, మంచి వాన పడి కిందికి కడిగితే తప్ప గడ్డి కోలుకోదు. ఇంకో రాస్తా మన కళ్లముందే ఉంది. కుతుబ్ షాహీ గుంబదుల దగ్గర ఆగాఖాన్ ట్రస్ట్ 2013 నుంచి చేసిన పనిలో పాత బావ్లీలనూ బాగు చేశారు. వానకు కూలిన బడీ బావ్లీ గోడను మళ్లీ కట్టారు. వాన నీళ్లు అందులో నిలిచి అక్కడి చెట్లకూ పచ్చికకూ పనికొస్తున్నాయి. ఆ బావ్లీల పనికి 2022లో యునెస్కో అవార్డు వచ్చింది.

కానీ ఒక మాట. గోల్ఫ్ మైదానం ఉన్నా, దాని చోట కుతుబ్ షాహీ బాగ్ తిరిగి వచ్చినా, నక్షా గీసేవాళ్లు వేరు, రిబ్బన్ కోసేవాళ్లు వేరు, మిర్గ్‌కు ముందు మట్టిలో వేలు గుచ్చేవాడు వేరు. ఆ మూడోవాడు లేకపోతే ఒక్క ఎండాకాలానికే అంతా పోతుంది. రాయిని ఒకసారి నిలబెడితే వందేళ్లు ఉంటుంది, పచ్చదనాన్ని ప్రతి ఫజర్‌కూ మళ్లీ నిలబెట్టాలి. అది మెహనత్ మాత్రమే కాదు, ఇల్మ్. ఇమారత్ కట్టిన మేస్త్రీ పేరైనా ఎక్కడో శిలాఫలకం మీద దొరకవచ్చేమో, మాలీ పేరు ఏ తారీఖ్‌లో వెతకాలి?

మామూ ఇప్పుడు పనికి వెళ్లడం లేదు. మోకాళ్లు పోయాయి. పింఛన్ లేదు, ఠేకేదార్లు మారిన ప్రతిసారీ సర్వీసు మొదటినుంచి లెక్కేశారు. ముఖానికి దస్తీ కట్టుకుని మందు కొట్టిన రోజులకు లెక్కే లేదు. నిరుడు వానలకు మా మొహల్లా కబ్రస్తాన్‌లో వాలు వైపు మట్టి కొట్టుకుపోయి కబర్లు కుంగాయి. కమిటీవాళ్లు సిమెంట్ పోయించాలని చందా మొదలుపెట్టారు. మామూ కుర్చీ వేయించుకుని గేటు దగ్గర కూర్చుని, సిమెంట్ నక్కో అన్నారు. వాలుకు అడ్డంగా చిన్న గట్లు కట్టించి, పక్క ఖాళీ జాగాలోంచి దూబ్ కణుపులు తెప్పించి, నలుగురు పిల్లలతో జానెడు దూరానికొకటి నాటించారు. ఎంత లోతు పెట్టాలో తన వేలి గీత మీద చూపించారు.

ఆ నలుగురిలో ఒకడు ఇంటర్ పిల్లాడు. మామూ చెప్పేవన్నీ ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటున్నాడు. కార్తెల పేర్లు వాడికి కొత్త. ఉర్దూ లిపిలో రాసుకోవడం రాదు, తెలుగులో రాసుకుంటున్నాడు. మీ ఖాందాన్‌లోనూ ఒక మాలీ, ఒక భిస్తీ, ఒక మేస్త్రీ ఉండే ఉంటారు. వాళ్ల మోకాళ్లు, జ్ఞాపకం ఇంకా పనిచేస్తుండగానే వెళ్లి కూర్చోండి, అడగండి. బయోడేటాలో పేషా అన్న చోట వాళ్లు చేసిన పని పేరే రాయండి.